కనిగిరి ఎండల్లో కిల్లీ చేపలు: గుడ్లు ఎందుకు తెల్లబడుతున్నాయి, వేసవి ఎలా దాటించాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మాది కనిగిరి. డిగ్రీ రెండో సంవత్సరం. గప్పీలు పెంచిన అలవాటుంది. చెన్నైలో రంగు చేపలు అమ్మే కొళత్తూరు నుంచి గార్డ్‌నెరీ కిల్లీ (గుడ్లు పెట్టే చిన్న రంగు చేప) జత తెచ్చి రెండడుగుల ట్యాంకులో వేశాను. మగది ఆడదాన్ని ఒక్క నిమిషం నిలవనివ్వదు. దొరికిన కాసిని గుడ్లూ తెల్లబడి బూజు పట్టాయి. మా బోరు నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 1200. ఇది చాలదన్నట్టు ఇంకో కిల్లీ, నోథోబ్రాంకియస్ గుంథెరీ గుడ్ల ప్యాకెట్ కూడా ఆర్డర్ పెట్టేశాను, వచ్చే వారం వస్తుంది. సంక్రాంతి అయిపోయింది, ముందు ఎండాకాలం. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?"

తమ్ముడూ, మొదలుపెట్టొచ్చు. నిజానికి మన జిల్లాల్లో కిల్లీలకు మంచి కాలం అక్టోబరు వానలు పడ్డప్పటి నుంచి శివరాత్రి దాకానే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అది పోయేలోపు నీ చేతిలో గుడ్లు ఉండాలి. మే నెలలో చేపల్ని కాపాడుకోవడం కష్టం. గుడ్లను కాపాడుకోవడం అంతకంటే చాలా తేలిక. నేను నెల్లూరులో ఉంటూ ఏటా చేసే పని ఇదే: చలికాలంలో చేపలు, ఎండాకాలంలో గుడ్లు. ఈ లెక్క ఒక్కటి పట్టుకుంటే మిగతావన్నీ చిల్లర పనులే.

ముందు నీ గార్డ్‌నెరీ సంగతి చూద్దాం. ఇది నైజీరియా, కామెరూన్ వాగుల చేప. కిల్లీల్లో ఇంతకంటే ఓర్పున్న చేప దొరకడం కష్టం. 22 నుంచి 26 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. కొత్తవాళ్లకు నేను మొదట దీన్నే చెబుతాను. ఆ ఓర్పు ఆడదానికి కూడా ఉందనుకుని అందరూ జతగా తెచ్చుకుంటారు, అక్కడే చిక్కు. ఒక మగదానికి ఒకటే ఆడది ఉంటే తరిమి తరిమి దాని రెక్కలు చింపుతుంది, ఒక్కోసారి చంపేస్తుంది కూడా. ఒక మగ, రెండు ఆడ ఉండాలి. మూడైనా పర్వాలేదు. ఆడది దొరికేదాకా నువ్వు చేయగలిగింది ఒకటుంది: మగదాన్ని వేరే డబ్బాలో పెట్టు. ఒక వారం ఆడదానికి కడుపు నిండా బతికున్న మేత వేయి. పొట్ట గుండ్రంగా తేరాక ఒకటి రెండు రోజులు కలిపి, మళ్లీ విడదీయి. గుడ్లు ఎక్కువ దొరుకుతాయి, ఆడదీ బతుకుతుంది.

తెల్లబడిన గుడ్లు చాలావరకు ఫలదీకరణ కాని గుడ్లే. బూజు వాటిని చంపలేదు, చచ్చినవాటి మీద బూజు వచ్చింది. మగది మరీ చిన్నదైనా, ఆడది బెదిరి పరుగులో గుడ్డు వదిలినా, నీళ్లు మరీ కఠినంగా ఉన్నా ఇలా అవుతుంది. నీ విషయంలో ఈ మూడోది కూడా ఉందని నా అనుమానం. 1200 టీడీఎస్‌లో గార్డ్‌నెరీ బతుకుతుంది, రంగు కూడా చూపిస్తుంది. గుడ్ల దగ్గరికొచ్చేసరికి తేడా తెలుస్తుంది.

మీ ఊళ్లో తాగడానికి అందరూ ప్లాంటు క్యానే కొంటారు కాబట్టి నీకు పని తేలిక. ఆ నీళ్ల టీడీఎస్ సాధారణంగా 50 దగ్గర ఉంటుంది, మీటరు పెట్టి చూసుకో. ఒక పాలు బోరు నీళ్లు, ఐదు పాళ్లు క్యాన్ నీళ్లు కలిపితే 240 దగ్గరికి వస్తుంది. గార్డ్‌నెరీకి అది చాలు. క్యాన్ నీళ్లు మాత్రమే పోస్తే ఇంకా మంచిదేమో అనుకోకు. అందులో ఖనిజాలు దాదాపు మిగలవు, పీహెచ్ నిలకడగా ఉండదు, ఒక్క రాత్రిలో కిందికి జారిపోవచ్చు. మార్పు కూడా ఒకేసారి వద్దు. రెండు వారాల్లో కొంచెం కొంచెంగా పాత నీళ్లు తీస్తూ కొత్తవి కలుపు. ఈశాన్య రుతుపవనాల్లో మేడ మీద పట్టిన వాన నీళ్లుంటే క్యాన్ ఖర్చూ ఉండదు. మొదటి వాన నీళ్లను మేడ కడగడానికి వదిలేసి రెండో వాన నుంచి పట్టుకోవాలి. ఆ పని ఈ ఏడాది అక్టోబరుకి గుర్తుపెట్టుకో. మున్సిపాలిటీ కుళాయి నీళ్లు వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, క్లోరిన్ పోవడానికి రొయ్యల మందుల షాపులో హైపో అని అడగండి, రూపాయల్లో పని అయిపోతుంది. అక్వేరియం షాపులో చిన్న సీసాల్లో రంగు కలిపి అమ్మేది చాలావరకు అదే.

ఇక గుడ్లు పట్టడం. ట్యాంకులో ఇసుక, రాళ్లు ఉంటే తీసేయి. ముదురు ఆకుపచ్చ యాక్రిలిక్ ఊలు కొని, జానెడు పొడుగు పోగులు ఓ ముప్పై కట్టగా కట్టి, పైన థర్మాకోల్ ముక్కకు తగిలించి నీళ్లలో వేలాడదీయి. ముందు బాగా ఉడికించి రంగు దిగడం లేదని చూసుకోవాలి. రెండు మూడు రోజులకోసారి ఆ కుచ్చు బయటికి తీసి, నీళ్లు మెల్లగా పిండి, వెలుతురుకెదురుగా పోగులు విడదీస్తూ చూడు. ఒకటిన్నర మిల్లీమీటర్ల గుండ్రటి, తేనెరంగు గుడ్లు పోగులకు అతుక్కుని కనిపిస్తాయి. చేత్తో ముట్టుకుంటే ఏమవుతుందోనని భయపడకు. మంచి గుడ్డును రెండు వేళ్ల మధ్య దొర్లించినా పగలదు, గట్టిగా ఉంటుంది. ముట్టుకోగానే చిట్లిందంటే అది ఎలాగూ పనికిరాని గుడ్డే. కొన్నేళ్లు చేశాక వేళ్లకే తెలిసిపోతుంది, కళ్లజోడు అక్కర్లేదు.

తీసిన గుడ్లను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, ట్యాంకు నీళ్లలోనే, లేత ఆకాశం రంగు వచ్చేంత మిథిలిన్ బ్లూ (బూజు పట్టకుండా వేసే నీలి మందు) వేసి నీడలో ఉంచు. రోజూ చూసి తెల్లబడినవాటిని డ్రాపర్‌తో తీసేయాలి. ఒక్కటి వదిలేసినా పక్కవాటికి బూజు పాకుతుంది. పది రోజులకల్లా గుడ్డులో నల్లటి కళ్లు, వాటి చుట్టూ బంగారు గీత కనిపిస్తాయి. రెండు నుంచి మూడు వారాల్లో పొదుగుతాయి. కళ్లు పూర్తిగా తేలి, తోక చుట్టుకుని, లోపల కదులుతూ కూడా బయటికి రాకుండా మొండికేసేవి కొన్ని ఉంటాయి. వాటికి ఒక పాత చిట్కా ఉంది. చిన్న మందు సీసాలో కొంచెం నీళ్లతో వేసి, చిటికెడు మేత పొడి చల్లి, మూత పెట్టి జేబులో వేసుకుని కాసేపు తిరుగు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గేసరికి పిల్ల గుడ్డు చించుకుని వస్తుంది. పొదిగాక వెంటనే మంచి నీళ్లలోకి మార్చాలి.

పిల్లల మేత దగ్గర మన తీరం వాళ్లకున్న సదుపాయం దేశంలో చాలామందికి లేదు. వనామీ రొయ్యల హేచరీలన్నీ ఆర్టీమియా (ఉప్పునీటి సూక్ష్మ రొయ్య, దాని ఎండు గుడ్లు టిన్నుల్లో వస్తాయి) మీదే నడుస్తాయి కాబట్టి నెల్లూరు, ఒంగోలు ఆక్వా షాపుల్లో ఆ టిన్ను సులభంగా దొరుకుతుంది. ఒక టిన్ను నీకు చాలా కాలం వస్తుంది. అయితే మూత తీశాక గాలిలో తేమ తగిలితే పొదుగుదల పడిపోతుంది. తెరిచిన రోజే చిన్న సీసాల్లో సర్ది, సిలికా జెల్ పొట్లం వేసి, ఫ్రిజ్‌లో పెట్టేయి. వారానికి సరిపడా మాత్రం బయట ఉంచుకో. లీటరు నీళ్లకు 25 గ్రాముల కల్లుప్పు, చిటికెడు వంటసోడా, అడుగు కోసి తలకిందులుగా పెట్టిన బాటిల్, అందులో గట్టిగా గాలి, పైన ఒక బల్బు. ఇరవై నాలుగు గంటల్లో నారింజ రంగు పిల్లలు తేలుతాయి. గాలి ఆపి, కింది నుంచి వెలుతురు చూపిస్తే అవి అడుక్కి చేరతాయి, ఖాళీ పెంకులు పైకి తేలతాయి. పిల్లల్ని మాత్రం సన్నటి గుడ్డలో వడగట్టి, ఒకసారి మంచినీళ్లతో కడిగి వేయాలి. పెంకులు తింటే పిల్ల పొట్ట బిగుస్తుంది. గార్డ్‌నెరీ పిల్లకు, గుంథెరీ పిల్లకు కూడా మొదటి రోజు నుంచే ఆర్టీమియా నోట్లో పడుతుంది. రోజుకి రెండుసార్లు, తక్కువ తక్కువగా వేయాలి.

పెద్దవాటికి దోమ లార్వాలకు మించిన మేత లేదు. కానీ మేత కోసమని ఇంట్లో తొట్లు పెట్టి దోమల్ని పెంచకు, డెంగ్యూ వస్తే ఇంట్లోవాళ్లు చేపల్ని, నిన్నూ కలిపి బయట పడేస్తారు. డ్రైనేజీ కాలవలో దొరికే ట్యూబిఫెక్స్ అనే సన్న ఎర్ర పురుగులు కూడా వద్దు. రోగాలు చాలావరకు దానితోనే వస్తాయి.

ఇప్పుడు నోథోబ్రాంకియస్. నాకు ఎక్కువ ఇష్టం వీటి మీదే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. గుంథెరీ జాంజిబార్ చేప. తూర్పు ఆఫ్రికాలో వానలకు నిండి, ఎండలకు నెర్రెలిచ్చే గుంటల్లో ఈ జాతి బతుకుతుంది. గుంట ఎండిపోయేలోపు పుట్టి, పెరిగి, మట్టిలో గుడ్లు పెట్టి చేప చచ్చిపోతుంది. గుడ్డు ఎండిన బురదలో నెలల తరబడి ఆగిన గడియారంలా ఉండి, మళ్లీ వాన పడ్డాక పొదుగుతుంది. దీని బంధువు ఫర్జెరీ మొజాంబిక్ గుంటల్లో రెండు వారాలకే ఈడుకొస్తుంది. ఇంత తొందరగా ముసలిదయ్యే వెన్నెముక జీవి ప్రయోగశాలలకు దొరకడం అరుదు కాబట్టి ముసలితనం మీద పరిశోధనలకు దాన్ని వాడుతున్నారు. గుంథెరీ అంత తొందరపడదు, కానీ ఐదారు వారాలకు మగది ఎర్రతోక, నీలాకుపచ్చ ఒళ్లుతో తయారవుతుంది. ట్యాంకులో ఒక ఏడాది బతికిందంటే బాగా చూసుకున్నట్టే. నీళ్లు వెచ్చగా ఉన్న కొద్దీ ఆయుష్షు తగ్గుతుంది.

ప్యాకెట్ రాగానే నీళ్లలో పోసేయకు. గుడ్లు కలిపి పంపే చెమ్మ పీట్ (కుళ్లిన నాచు మట్టి) చిటికెడు తెల్ల పళ్లెంలో పరిచి, భూతద్దంతో గుడ్లు చూడు. కళ్ల చుట్టూ బంగారు వలయం స్పష్టంగా ఉంటేనే తడపాలి. గుడ్డు ఇంకా పారదర్శకంగా ఉంటే మళ్లీ మూసి రెండు వారాలు ఆగు. గుంథెరీ గుడ్లకు మామూలుగా మూడు నెలలు పడుతుంది. అమ్మినాయన రాసిన తేదీ ఒక ఆధారం మాత్రమే. ఆ ప్యాకెట్ ఏ బస్సు డిక్కీలో ఎంత వేడిలో ప్రయాణం చేసిందో ఆయనకి కూడా తెలియదు.

తడిపే నీళ్లు చల్లగా, 18 డిగ్రీల దగ్గర ఉండాలి. ఫ్రిజ్ నీళ్లు కొన్ని కలిపితే సరిపోతుంది. వెడల్పు ట్రేలో మొత్తం పీట్ వేసి, నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తు మాత్రం నీళ్లు పోయి. కొన్ని గంటల్లోనే పిల్లలు కనిపిస్తాయి. లోతు ఎక్కువైతే పిల్ల పైకి వెళ్లి గాలి తీసుకోలేక ఈత తిత్తి నిండదు, అడుగున పొట్టతో పాకుతూ ఉండిపోతుంది. అలాంటివి కొన్ని ఎలాగూ వస్తాయి, బాగుపడవు. రెండు రోజులయ్యాక పిల్లల్ని తీసేసి ఆ పీట్‌ను పారేయకుండా మళ్లీ పిండి, ఆరబెట్టి, దాచు. అన్ని గుడ్లూ ఒకేసారి పొదగవు. మొదటి వాన మోసం చేసి ఆగిపోతే జాతి మొత్తం పోకుండా ఉండడానికి చేప ఏర్పాటు అది. మూడు నాలుగు వారాల తర్వాత మళ్లీ తడిపితే ఇంకో విడత వస్తుంది.

ఇప్పుడు తడిపితే మార్చి మొదటికి నీ గుంథెరీలు గుడ్లు పెడతాయి. కోకోపీట్ ఇటుక నర్సరీలో దొరుకుతుంది. దాన్ని రెండు మూడుసార్లు ఉడికించి, ఉప్పు, రంగు పోయేదాకా కడిగి, మునిగేలా చేసి, ఐస్‌క్రీమ్ డబ్బాలో రెండు సెంటీమీటర్ల మందం పోసి, మూతకు గుండ్రటి కన్నం చేసి ట్యాంకు అడుగున పెట్టు. మగది ఆ కన్నం దగ్గర కాపు కాసి, ఆడదాన్ని వెన్ను రెక్కతో కప్పి, ఇద్దరూ కలిసి పీట్‌లోకి దూరి ఒక్కసారి వణుకుతారు. ఒక్కో వణుకుకి ఒక్కో గుడ్డు. కుర్చీ వేసుకుని చూడదగ్గ దృశ్యం అది.

వారం పది రోజులకోసారి ఆ పీట్ తీసి, వలలో వడగట్టి, చేత్తో గట్టిగా పిండి, న్యూస్‌పేపర్ మీద నీడలో ఆరబెట్టాలి. ఎంత ఆరాలి అన్నదే అసలు విద్య. పుస్తకాల్లో ఎన్ని మాటలు రాసినా, కనిగిరి వాడికి ఒకే మాట చాలు: మండె కట్టడానికి పొగాకు ఎంత పదును మీద ఉండాలో అంత. ఆకు గలగలలాడితే పొడి అయిపోతుంది, చెమ్మగా ఉంటే బూజు పడుతుంది. పీట్ కూడా అంతే. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, నీటి చుక్క రాకూడదు, వేలితో పొడిస్తే విడిపోవాలి. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పొగాకు కాల్చే బ్యారన్‌లో పని చేసినవాళ్లుంటే వాళ్ల చేతికిచ్చి అడుగు, నాకంటే బాగా చెబుతారు. తర్వాత జిప్ కవర్లో వేసి, జాతి పేరు, తేదీ రాసి మూసేయి.

ఆ కవర్లే నీ ఎండాకాలం. గది 35 డిగ్రీలు దాటితే గుడ్లు దెబ్బతింటాయి, 30 దగ్గరే ఉన్నా తొందరగా తయారై, తడిపేలోపు లోపలి పిల్ల నీరసించిపోతుంది. ఇంటికి నడిమధ్యన, మిద్దె వేడి తగలని గదిలో, తడి ఇసుకలో కూర్చోబెట్టిన మట్టి కుండలో ఆ కవర్లు పెట్టి మూత వేయి. ఇసుకను పొద్దునా సాయంత్రం తడుపు. మీది పొడి ఎండ కాబట్టి కుండ బాగా చల్లబడుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు, ఆఫ్రికా గుడ్డు ఆ చలికి తట్టుకోదు. పదిహేను రోజులకోసారి చిటికెడు తీసి కళ్లు చూస్తూ ఉండు. అన్నీ ఒకే కవర్లో పెట్టకుండా ఏ వారం గుడ్లు ఆ వారం కవర్లో ఉంచితే, కొన్ని జూలైలో తయారైనా ఇంకొన్ని వానల దాకా ఆగుతాయి.

గార్డ్‌నెరీలకు ఈ వెసులుబాటు లేదు, వేసవిలో చేపలనే కాపాడాలి. ట్యాంకును కింది గదిలోకి మార్చి, నీటి మీదుగా టేబుల్ ఫ్యాన్ తిప్పు. ఒంగోలు, నెల్లూరులో గాలిలోనే తేమ కాబట్టి ఫ్యాన్ పెద్దగా పని చేయదు, మీ దగ్గర మూడు నాలుగు డిగ్రీలు తగ్గిస్తుంది. అలా ఆవిరైన నీటిని బోరు నీళ్లతో నింపకు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు లోపలే ఉండిపోతాయి. ప్రతి చెంబు బోరు నీటితో టీడీఎస్ పెరుగుతూ పోతుంది. క్యాన్ నీళ్లతోనే నింపాలి. ఐసు బాటిళ్లు మధ్యాహ్నం వేసి రాత్రి తీసేయడం కంటే రోజంతా 29 దగ్గర నిలకడగా ఉండడమే మేలు. రోహిణి కార్తెలో మేత సగం తగ్గించు, మగ ఆడ విడదీసి ఉంచు, గుడ్ల ఆశ పెట్టుకోకు. మూత సంగతి చెప్పడం మరిచాను: కిల్లీ వేలు దూరే సందులోంచి కూడా దూకుతుంది. ఫ్యాన్ గాలి తగలాలి కాబట్టి అద్దం మూత బదులు దోమతెర బిగించి కట్టు.

రోగాల్లో నోథోలకు (నోథోబ్రాంకియస్‌లకు) ముఖ్యంగా వచ్చేది వెల్వెట్. ఒంటి మీద సన్నటి బంగారు పొడి చల్లినట్టు కనిపిస్తుంది, టార్చి పక్క నుంచి వేసి చూస్తే తెలుస్తుంది. చేప రెక్కలు ముడుచుకుని గోడలకు రాసుకుంటుంది. వచ్చాక మందులు వెతకడం కంటే ముందే ఐదు లీటర్లకు ఒక టీ స్పూను కల్లుప్పు వేసి ఉంచడం మంచిది. నోథోలకు నీళ్లు గార్డ్‌నెరీ కంటే కొంచెం కఠినంగానే ఉండొచ్చు, ఒక పాలు బోరుకి మూడు పాళ్లు క్యాన్ చాలు. గార్డ్‌నెరీ ట్యాంకులో ఉప్పు అవసరం లేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. గార్డ్‌నెరీల్లో న్సుక్కా, అకురే, మిసాజే అని ఊళ్ల పేర్లతో వేర్వేరు వంశాలు ఉంటాయి. ఆడవి అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి, ఇంకో ఆడది కావాలని ఎక్కడిదో తెచ్చి కలిపేయకు. నువ్వు కొన్న చోటే అడుగు. ఏ వంశమో చెప్పలేకపోతే ఆ చేపల పిల్లల్ని వంశం పేరుతో ఎవరికీ ఇవ్వకు.

ఇంకొకటి, నోథో గుడ్లు తేలికగా కవర్లో వస్తాయని విదేశాల నుంచి పోస్టులో తెప్పించే ఆలోచన పెట్టుకోకు. అనుమతి, క్వారంటైన్ లేకుండా అది చట్టప్రకారం కుదరదు. మన దేశంలోనే పెంచేవాళ్లు ఉన్నారు. ఆఫ్రికా చేపలతో విసుగొస్తే మన దక్షిణాది చేపే ఉంది: గోల్డెన్ వండర్ పేరుతో షాపుల్లో అమ్మేది అప్లోకైలస్ లినియేటస్‌కి బంగారు రంగు రకం. పది సెంటీమీటర్లు పెరుగుతుంది, వేడికి ఓర్చుకుంటుంది, గుడ్లు కుచ్చులోనే రెండు వారాల్లో పొదుగుతాయి. నీ గప్పీలతో మాత్రం కలపకు, నోటికి పట్టినవన్నీ మింగుతుంది. దాని చుట్టాలు మన కాలవల్లో, చెరువుల అంచుల్లో నీటి పైపైన తిరుగుతూ కనిపిస్తాయి, నడినెత్తిన వెండిచుక్క మెరుస్తుంది. దోమల కోసమని చెరువుల్లో వదిలిన గంబూసియా వాటి చోటు ఇప్పటికే లాక్కుంటోంది.

అందుకే పిల్లలు ఎక్కువై ట్యాంకు చాలకపోతే గుండ్లకమ్మలోనో ఊరి చెరువులోనో వదలొద్దు. గార్డ్‌నెరీల్లో రెండు నెలలకు మగ ఆడ తేడా తెలుస్తుంది. ఒక మగ, రెండు ఆడ చొప్పున కవర్లు కట్టి కొనేవాళ్లకు ఇవ్వు, లేదా ఒంగోలు షాపులో మేతకు మార్చుకో. మిగిలిన మగవాటిని ఒకే చిన్న ట్యాంకులో పెట్టకు. పెద్ద ట్యాంకులో పది పన్నెండు కలిపి ఉంచితే ఒకదాన్నే తరమడం కుదరక సర్దుకుంటాయి, రంగులు కూడా పోటీపడి చూపిస్తాయి. గుంథెరీ ప్యాకెట్ వచ్చాక భూతద్దంలోంచి ఫోన్ పెట్టి గుడ్ల ఫోటో తీసి పంపు, తడపాలో ఆగాలో చూసి చెబుతాను.